ట్రయల్ మనుషులు

అద్దె షికారు పడవకు వేలాడగట్టిన పలక తాడు తెగింది. పలక మీద కూర్చుని పాలిష్ పడుతున్న నా మేనకోడలు రాతిగట్టు మీద పడింది. మోచెయ్యి పక్కకు తిరిగిపోయింది.

కాంట్రాక్టరు వచ్చి, పడవకు గీత పడిందేమోనని ముందు చూసుకున్నాడు.

"ఆసుపత్రికి పంపించండి బాబూ," అన్నాను.

"మా మనిషి కాదు తాతా. ట్రయల్‌కొచ్చింది."

మా రేవు పద్ధతి అది. ఒకరోజు ఊరికే చెయ్యాలి. పని నచ్చితే సీజనంతా జీతం, షికారుకొచ్చే దొరలిచ్చే టిప్పుల్లో వాటా అంటారు. రోజూ కొత్తవాళ్లొస్తారు. రోజూ ట్రయలే. పడవలు అద్దాల్లా మెరుస్తాయి. పాలిష్ పనిలో కుదిరినవాళ్లను నేను చూడలేదు.

సాయంత్రం రేవు పనివాళ్లమంతా పని ఆపాలా వద్దా అని తాళ్లు దాచే కొట్లో చేరాం.

"రుచి చూస్తానంటూ రోజూ గిన్నె నాకేస్తున్నాడు ఈ కాంట్రాక్టరు. తిన్నానని మాత్రం ఒప్పుకోడు," అంది పడవలో వంటచేసే ఆవిడ.

ఇంజను పనివాడు మండిపడ్డాడు. "నీకేం, నవ్విస్తావ్. మనం మానేస్తే గేటు బయట బోలెడుమంది. నా పొయ్యిలో నీళ్లు పోస్తావా?"

"నీ పొయ్యి వెలిగిందెప్పుడురా?"

ఎవరూ నవ్వలేదు. మేనకోడలు మూల నుంచి అంది, "ముందు నా చెయ్యి బాగుచేయించమనండి. ఇక మీదట ఎవరూ ఊరికే చెయ్యకండి. అంతే, మామయ్యా."

నాకు మాటలు తక్కువ. "రేపు పడవొస్తే తాడు అందుకోవద్దు," అన్నాను. ఒడ్డున తాడు పట్టేవాడు లేకపోతే పడవ నిలవదు.

పొద్దున దొరలతో పెద్ద పడవ వచ్చింది. గాలి జోరుగా ఉంది. తాడు విసిరారు. మా కాళ్ల ముందు పడి నీళ్లలోకి జారిపోయింది. మళ్లీ విసిరారు. ఎవరం వంగలేదు. ఇంజను పనివాడు చేతుల్ని వెనక్కి కట్టుకున్నాడు.

"చేతులు పడిపోయాయా మీకు?" అని కాంట్రాక్టరు అరిచాడు.

"ఒక చెయ్యి పడిపోయింది. దాని సంగతి తేల్చు," అంది వంటావిడ.

తేల్చలేదు. గేటు తీయించి కొత్తవాళ్లను పిలిచాడు. "ఇదే మీ ట్రయల్. పట్టండి!"

పరుగున వచ్చి పట్టారు. వాళ్లతో ముందు మాట్లాడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. పడవ నిలిచింది. దొరలు మా వైపు చూడకుండా దిగిపోయారు. కాంట్రాక్టరు పిలిపించిన పోలీసులు మమ్మల్ని వ్యానులోకి తోశారు. మేనకోడల్ని విరిగిన చెయ్యి పట్టే లాగారు. ఆమె కేకకు కొత్తవాళ్లు తలతిప్పారు.

వాళ్లలో ఒకడు తాడు వదలకుండానే అడిగాడు, "అయ్యా, రేపు నా చెయ్యీ ఇలా విరిగితే నన్నెవరు చూస్తారు?"

కాంట్రాక్టరు పోలీసుల వైపు చూశాడు. వాణ్ణీ పట్టుకొచ్చి వ్యానెక్కించారు.

మేం జరిగి చోటిచ్చాం.