కోర్‌షాపు మక్కపిండి

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ వీరలక్ష్మి పెళ్లయిన వారానికే తేల్చేసింది. పటాన్‌చెరు ఫౌండ్రీలో ఆ సంగతి తేలడానికి వారం కూడా పట్టలేదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఎనభై ఎనిమిది వానాకాలంలో జరిగిన ఈ గొడవలో అందరికంటే ఎక్కువ అరిచినవాణ్ణి నేనే. ఏమీ తెలియకుండా అరిచినవాణ్ణి కూడా నేనే.

నేను కోర్‌షాపు సూపర్‌వైజర్ని. కోరు అంటే పెద్ద విద్యేం కాదు. పంపు బాడీ లోపల బోలుగా ఉండాలి కదా, ఆ బోలు రావాల్సిన చోట ఇసుకతో చేసిన అచ్చు ఒకటి పెట్టి, చుట్టూ కరిగిన ఇనుము పోస్తాం. ఇనుము గట్టిపడ్డాక లోపలి ఇసుకను కొట్టి దులిపేస్తాం. ఆ ఇసుక అచ్చే కోరు. వట్టి ఇసుక నిలబడదు కాబట్టి దానికి మొక్కజొన్న పిండి, కాస్త నూనె, నీళ్లు కలిపి, చెక్క పెట్టెలో కూరి తీసి ఓవెన్‌లో కాలుస్తాం. ఆ పిండి మనం తినే పిండే. మా ఊళ్లో చెబితే ఎవరూ నమ్మేవారు కాదు, ఇనుప పంపులకి జొన్నపొత్తుల పిండేమిట్రా అని నవ్వేవాళ్లు.

ఈ పనంతా ఆరుగురు ఆడవాళ్లది. వాళ్లకి పెద్ద మొగులమ్మ. లక్డారం నుంచి రోజూ నడిచి వచ్చేది. కోరు రంగు చూసి, వేలి కణుపుతో ఒకసారి తట్టి, కాలిందో లేదో చెప్పేసేది. ఓవెన్‌కి బిగించిన మీటరు తప్పు చెప్పిన రోజులున్నాయి గానీ మొగులమ్మ తప్పు చెప్పిన రోజు లేదు. ఈ మాట ఆమె ముందు నేనెప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతుందని నా భయం.

ఆ ఆషాఢంలో ఉన్నట్టుండి పంపు బాడీలు చెడిపోవడం మొదలైంది. పైకి బాగానే ఉంటాయి, కోసి చూస్తే లోపలంతా బుడగల బొక్కలు. కోరులో చెమ్మ ఉంటే అంతే, ఇనుము తగలగానే ఆవిరై, దారి దొరక్క ఇనుములోనే ఇరుక్కుంటుంది. పదింట నాలుగు తుక్కులోకి పోయాయి. నేను షాపులోకి వెళ్లి, నీళ్లు ఎక్కువ పోస్తున్నారని, ఓవెన్ దగ్గర ముచ్చట్లు పెట్టుకుంటున్నారని నోటికొచ్చినట్టు తిట్టాను.

మొగులమ్మ చేతులు దులుపుకుని నా ముందు నిలబడింది.

"కాల్చుట్ల తప్పు లేదు సారూ. మాపటికి నేను దింపినప్పుడు ఖంగున మోగినయ్. పొద్దుగాల సూస్తే మెత్తవడ్డయ్. నడుమ ఏమైందో నాకు ఎర్కలే."

"వాన పడిందమ్మా, అదే అయింది."

"వాన పోయినేడు పడలేదా? గప్పుడు మెత్తవడ్డయా?"

నేను ఇంకాస్త గట్టిగా అరిచాను.

మా యజమాని రామలింగేశ్వరరావు గారు అరిచే మనిషి కాదు. నన్ను పిలిచి, శనివారం దాకా చూస్తానని, అప్పటికీ కోర్లు బాగుపడకపోతే ఆ ఆరుగుర్నీ పంపేసి బాలానగర్ నుంచి కాంట్రాక్టు మనుషుల్ని దింపుతానని చెప్పారు. వారమంతా నీళ్లు తగ్గించాం, ఇసుక ఎండబెట్టాం, గంట ఎక్కువ కాల్చాం. బొక్కలు మాత్రం తగ్గలేదు.

శనివారం మధ్యాహ్నం ఆరుగురూ ఆఫీసు గదిలో గోడవారన నిలబడ్డారు. నేను బల్ల పక్కన. స్టోర్‌కీపరు సత్తిబాబు కూడా ఉన్నాడు. మా ఊరివాడే, ఆ ఉద్యోగంలో పెట్టించింది నేనే. యజమాని నోరు విప్పేలోపే మొగులమ్మ ముందుకొచ్చి, కొంగు ముడి విప్పి, గుప్పెడు పిండి బల్ల మీద పోసింది.

"గిది మన మిక్సర్ల పోసే మక్కపిండి. జెర నోట్లేసుకోండ్రి సారూ."

ఆయన నా వంక చూశారు. నేనే ముందు నోట్లో వేసుకున్నాను. ఉప్పగా ఉంది. తర్వాత ఆయనా వేసుకుని కనుబొమలు ముడిచారు.

"వానకాలం ఉప్పు డబ్బల ఉంటె నీళ్లు కారుతది. కోరుల ఉంటె కారదా? రాత్రంత గాలిల చెమ్మ గుంజుకుంటున్నది," అంది మొగులమ్మ.

సత్తిబాబు ఏమాత్రం తొణకలేదు. "మిల్లు నుంచే అలా వస్తుందండీ. ముందునుంచీ అంతే. మరి ఇన్నాళ్లూ కోర్లు బానే వచ్చాయి కదండీ. తప్పు పిండి మీదికి నెడుతున్నారు."

మాట సబబుగానే ఉంది. యజమాని తలూపడం చూసి, ఇక అయిపోయింది, ఈ ఆడవాళ్ల పని పోయింది అనుకున్నాను.

మొగులమ్మ వెనక్కి తిరిగి తక్కిన ఐదుగురి వంకా ఒకసారి చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"ముందు సంది గిట్ల లేదు సారూ. సప్పగుండె. రెండేండ్ల సంది తింటున్న, నాకు ఎర్కలేదా?"

తింటున్నావా అన్నట్టు యజమాని తలెత్తి చూశారు.

"నేనే తీస్కపోయిన," అంది. "ముందుగాల మిక్సర్ గోడలకు అంటుకున్నది గీక్కపోతుంటి. ఎట్లైన మోరిల కడిగేసేదే గద అని. ఆటెంక బస్తల కెల్లి గుప్పెడు. మా అత్త బక్కమ్మకు పండ్లు లేవు, అంబలి కాసి పోస్త. తొలేకాశి తెల్లారి సంది అంబట్ల ఉప్పెక్కువైందని ముసల్ది నన్ను తిట్టుడే తిట్టుడు. నేను గూడ మర్లవడి తిట్టిన. నిన్న ఒక్క రవ్వ ఉప్పెయ్యకుంట కాసిన. మల్ల తిట్టింది. తాగి సూసిన. గప్పుడు తెల్సింది."

నావైపు తిరిగిన సత్తిబాబు మొహం వెలిగిపోయింది. అంత సంతోషం అతని మొహంలో నేను మళ్లీ చూడలేదు.

"చూశారా బాపిరాజు గారూ? పిండి తగ్గుతోందని మీరే అన్నారు కదా. తినేవాళ్లుంటే ఉప్పుకి వాళ్లే బయటపడతారనే బస్తాకి మూడు కిలోల ఉప్పు కలిపించాను. దొంగ దొరికిందండీ."

అని, యజమాని మొహం చూసి ఆగిపోయాడు. అప్పటిదాకా ఏమన్నాడో అతనికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

నా సంగతి చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు సత్తిబాబు మీద రావాల్సిన కోపమంతా నామీదే వచ్చింది. తూకంలో ఎక్కడో తేడా వస్తోంది, ఓ కన్నేసి ఉంచు అని అతనితో అన్న మాట నిజం. ఆ తర్వాత అతనేం చేశాడో అడిగిన పాపాన పోలేదు. అడగాల్సిన వాళ్లని అడగకుండా, కోరు కూరే వాళ్ల మీద వారమంతా అరిచాను. నాకు సిగ్గేసింది.

యజమాని మాటల్తో తేల్చే మనిషి కాదు. మిల్లు కుట్టు విప్పని బస్తా ఒకటి, ఉప్పు కలిపిన బస్తా ఒకటి తెప్పించి, రెండింటితోనూ ఆ సాయంత్రమే కోర్లు చేయించారు. ఇసుక ఒకటే, నూనె ఒకటే, ఓవెన్ ఒకటే. పొద్దున ర్యాకు దగ్గరికి వెళ్లి మొగులమ్మ లాగే కణుపుతో తట్టాను. ఒక వరస ఖంగుమంది. రెండో వరస తడిగోడను తట్టినట్టుంది. సోమవారం పోత పోసి కోయించాం. మొదటి వరసలో ఒక్క బొక్క లేదు.

ఆరుగురి పనీ నిలబడింది. కానీ దొంగతనం దొంగతనమే అన్నారు యజమాని. మొగులమ్మకి మూడు రోజులు పని బంద్.

"తప్పు నాదే. మూడు దినాలేగా," అని టిఫిను డబ్బా తీసుకుని, గేటు దాకా తల ఎత్తుకునే నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. తొందరగా రా, నువ్వు లేకపోతే షాపు నడవదు అని మాత్రం అన్నాను.

"ఎర్కే సారూ," అంది.

ఇంకో ఆర్డరు కూడా వేశారు యజమాని. ఇకమీదట ప్రతి బస్తా రుచి చూశాకే మిక్సర్లోకి పోవాలి. ఆ మూడు రోజులూ నేనే నోట్లో వేసుకున్నాను, విని మా ఆవిడ కూడా నవ్వింది.

నాలుగో రోజు పొద్దున మొగులమ్మ వచ్చేసరికి మిక్సరు ముందు కొత్త బస్తా సిద్ధంగా ఉంది. కుట్టు విప్పింది సత్తిబాబు. యజమాని హుకుం అది, మూతి తెరిచి పట్టుకోవాల్సింది కూడా అతనే. మొగులమ్మ చెయ్యి కడుక్కుని, చిటికెడు కాదు, గుప్పెడు తీసింది. నోట్లో వేసుకుని, అత్త మీద కోపం కూడా కలిపి నమిలినట్టు నిదానంగా నమిలింది. ఐదుగురు ఆడవాళ్లూ, నేనూ, మిక్సరు స్విచ్ మీద చెయ్యి పెట్టిన లింగం, అందరం ఆమె నోటి వంకే చూస్తున్నాం. సత్తిబాబు చేతులు నొప్పి పుట్టి బస్తా కాస్త జారింది.

"గట్టిగ పట్టుకో సారూ," అంది మొగులమ్మ.

మింగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"సప్పగుంది. పొయ్యుండ్రి."