మింటిని తాకి దిగే మాట

ఎమ్మిగనూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో హులిగెమ్మ కుర్చీకి ఎదురుగా చిన్న చిన్న రంధ్రాలున్న బోర్డు ఉండేది. ఒక రంధ్రంలో తీగ గుచ్చితే నూలు వ్యాపారి పలికేవాడు, మరోదాంట్లో గుచ్చితే ఆస్పత్రి పలికేది. ఆదోనికో కర్నూలుకో మాట్లాడాలంటే ట్రంకు లైను ఖాళీ అయ్యేదాకా ఆగాలి. అది దొరకగానే ఇద్దరినీ కలిపి హులిగెమ్మ పక్కకు తప్పుకునేది. పెళ్ళి మాటలు, పత్తి ధరలు, పురుటి కబుర్లు అన్నీ ఆమె చేతుల మీదుగానే పోయేవి. అందులో ఒక్కటీ ఆమె కోసం వచ్చింది కాదు.

మధ్యాహ్నం బోర్డు మీద సందడి సద్దుమణిగాక ఆమెకు ఒక రకమైన మగత కమ్మేది. చెవికి తగిలించుకున్న గొట్టంలో సన్నగా ఊళ లాంటి చప్పుడు వినిపించేది. ఎవరూ మాట్లాడనప్పుడు తీగ తనలో తాను మాట్లాడుకుంటోందేమో అనిపించేది. ఆమె పుట్టిన హొళగుందలో చిన్నప్పుడు జొన్న చేల మీద గాలి వీస్తుంటే కూడా అచ్చం అలాగే ఉండేది.

ఆ ఏడు వానల్లో ఇంట్లో రేడియో మూగపోయింది. ఆదివారం దాన్ని చంకన పెట్టుకొని హులిగెమ్మ ఆదోని బస్సెక్కింది. బజారులో ఇమాం సాబ్ అంగడికి పొమ్మని భర్త మద్దయ్యే చెప్పాడు. మద్దయ్య పత్తి మిల్లులో ఫిట్టరు, మనిషి నెమ్మది.

ఇమాం సాబ్ మిలిటరీలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి వచ్చినవాడు. వయసుతో పాటు చెవులు పోయాయి. చెవులు లేని మనిషి రేడియోలు ఎలా బాగుచేస్తాడా అని ఆమె చూస్తూ నిలబడింది. ఆయన లోపలి బల్బులాంటిదేదో మార్చి, మీట తిప్పి, స్పీకరు గుడ్డ మీద నాలుగు వేళ్ళూ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన ముఖం విచ్చుకుంది.

"పాట వస్తాంది, అవునా?" అని అంగడి అదిరిపోయేటట్టు అడిగాడు. తన గొంతు ఎంత గట్టిదో ఆయనకు తెలియదు.

అప్పుడు ఆమె చూపు గోడ మీద పడింది. రంగురంగుల కార్డులు వరసగా అంటించి ఉన్నాయి. ఒకదాని మీద ఓడ, ఒకదాని మీద మంచు కొండ, ఇంకోదాని మీద ఎర్ర కప్పుల ఊరు.

"ఇవి ఏంది సాబ్?"

ఆయన ఆమె పెదవుల కదలిక చూసి అర్థం చేసుకున్నాడు. "నాతో మాట్లాడినోళ్ళు పంపినవి బేటీ. ఒక్కరినీ కంట్లో సూసింది ల్యా. లైసెన్సు ఉన్న దినాల్లో, ఈడ కూసోనే మాట్లాడినా."

"అంత దూరం ట్రంకు లైను యాడ దొరికె?"

"తీగే ల్యా! గాల్లోకి ఇడిస్తే పోతాది. ఎవురి సెవిన పడితే వాళ్ళు పలుకుతారు. నాకు సెవులు పోయినాక ఇడిసిపెట్టినా."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి హులిగెమ్మ టెలిఫోన్ స్తంభాలను చూడలేదు. వాటి పైన ఖాళీగా ఉన్న ఆకాశాన్నే చూసింది. రాత్రి అన్నం వడ్డిస్తూ, "నేను ఒక పరీచ్చ రాస్తా" అంది. మద్దయ్య ఏ పరీక్ష అని అడిగి, ఇమాం సాబ్ లాగా గాల్లో మాట్లాడే లైసెన్సు కోసమని విని, కాసేపు నమిలాడు. "రాయి హులిగీ. నీకూ ఎవురన్నా మాట్లాడేవాళ్ళు ఉండాల గదా" అన్నాడు. ఆ మాట అతను తెలిసి అన్నాడో తెలియకుండా అన్నాడో గానీ, ఆమెకు కళ్ళు చెమర్చాయి.

ఆదివారాలు ఆదోనిలో చదువు మొదలైంది. పుస్తకం ఇంగ్లీషుది. అల అంటే ఏమిటి, దాని పొడవెంత, ఏ పొడవు అల ఎంత దూరం పోతుంది, దానికి ఎంత తీగ కట్టాలి. హులిగెమ్మకు మొదట్లో అక్షరాలన్నీ చీమల బారులాగా కనిపించాయి. ఒకనాడు ఇమాం సాబ్ పుస్తకం మూసేసి, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి గడప దగ్గర ఎండలో పెట్టాడు. అంగడి పైకప్పు మీద వెలుగు వలలాగా పడి వణకసాగింది.

"ఎండ తిన్నగా పోకుండా నీళ్ళకు తగిలి మీదికి పోయింది గదా? దాన్ని తలకిందులు సేసి అనుకో. మన మాట మీదికి పోతాది. మింట్లో యాడో ఒక పొర ఉంది. దానికి తగిలి మల్లా దిగుతాది. యా దేశంలో దిగుతాదో అది ఆ పొర ఇష్టం. పగలు ఒక తీరు, మాపు ఒక తీరు."

ఆ వెలుగు వల కిందే ఆమె చాలాసేపు కూర్చుంది. అప్పటినుంచి పుస్తకంలోని లెక్కలు లెక్కలుగా కనిపించలేదు. ఎక్స్‌ఛేంజీలో అన్ని ఊళ్ళ తీగలూ ఒక బోర్డుకు వచ్చి కలిసినట్టు, అన్ని దేశాల మాటలూ ఆ పొరకు తగిలి తమ తమ చోట్లకు దిగుతున్నాయి. అక్కడ మాత్రం బోర్డు ముందు ఎవరూ కూర్చోలేదు.

మోర్సు కోడు ఆమెను ఏడిపించింది. చిన్న చప్పుడు, పొడుగు చప్పుడు కలిసి ఒక అక్షరం. బెంగళూరులో పరీక్ష రోజున థియరీ బాగానే రాసింది. వినే పరీక్షలో మధ్యలో ఒక అక్షరం జారిపోయింది. అదేమిటా అని ఆలోచించేలోగా వెనకవన్నీ వరదలాగా వచ్చి కొట్టుకుపోయాయి. తప్పింది. తిరుగు ప్రయాణంలో గుంతకల్లు స్టేషన్లో మద్దయ్య తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పనైనా లేదు.

ఇమాం సాబ్ విని నవ్వాడు. "పోయిన అచ్చరాన్ని పోనీ బేటీ. దాని యెనకాల నువ్వు పోతే, వచ్చేది గూడా పోతాది. వానను సినుకు సినుకూ లెక్క పెడతారా? తడుస్తారు, అంతే."

ఆ తరువాత ఆమె లెక్కపెట్టడం మానేసింది. ఆయన మోర్సు మీట టకటకా నొక్కుతుంటే కళ్ళు మూసుకొని ఊరికే వినేది. మెల్లగా చప్పుళ్ళు అక్షరాలయ్యాయి, అక్షరాలు మాటలయ్యాయి. ఎమ్మిగనూరు వీధుల్లో నడుస్తుంటే మగ్గాల చప్పుడులో కూడా అక్కడక్కడా అక్షరాలు వినిపించి తనలో తాను నవ్వుకునేది. రెండోసారి బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు ఇడ్లీలు తనే అడిగి తిన్నది.

లైసెన్సు రావడానికి చాలా కాలం పట్టింది. ఉరుకుంద ఈరన్న జాతర వచ్చింది, పోయింది. విచారణకు ఒక పోలీసాయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని మజ్జిగ తాగాడు.

"వైర్‌లెస్ ఎందుకమ్మా నీకు? ఎవురితో మాట్లాడతావు?"

"ఎవురు పలికితే వాళ్ళతో సార్."

"ఏం మాట్లాడతావు?"

హులిగెమ్మ ఆలోచించింది. "పేరు, ఊరు అడుగుతా. వాన పడిందా అని అడుగుతా."

ఆయన గ్లాసు కింద పెట్టి, "మా ఊళ్ళో పడలేదని రాసుకో" అని నవ్వి లేచాడు.

ఈలోగా ఇమాం సాబ్ పాత రేడియోల భాగాలు ఏరి, పంపడానికీ వినడానికీ సెట్టు కట్టాడు. టంకం వేసింది హులిగెమ్మే. మద్దయ్య మిద్దె మీద గుంజలు పాతి, పక్కింటి భీమక్క మిద్దె దాకా ఏరియలుకు రాగి తీగ లాగాడు. మరునాడు చూస్తే దాని మీద తడి చీర వేలాడుతోంది.

"అక్కా, ఆ తీగ మీద గుడ్డలు ఆరెయ్యద్దు."

"ఊరికే ఉండాది గదప్పా!" అంది భీమక్క.

చలికాలంలో, ఒక శనివారం పొద్దు వాలేటప్పుడు హులిగెమ్మ మొదటిసారి మీట మీద వేలు పెట్టింది. అదే వేళకు ఆదోనిలో ఇమాం సాబ్ తన రిసీవరు ముందు కూర్చుంటానన్నాడు. ఎవరైనా ఉన్నారా అని పిలిచింది. గాలి హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచింది. మిద్దెల మీద ఎర్రటి వెలుగు పలచబడుతుండగా, ఎక్కడో బావి అడుగున చినుకు పడ్డట్టు, సన్నగా ఒక చప్పుడు. అది తన పేరే. లైసెన్సులో తనకిచ్చిన అక్షరాలే.

పలికినవాడు జపాను ఉత్తరపు కొసన ఒక దీవివాడు. ఇక్కడ మంచు కురుస్తోంది, నీ ఊళ్ళో ఎలా ఉంది అని అడిగాడు. హులిగెమ్మ మంచును ఎన్నడూ చూడలేదు. మిల్లుల చుట్టూ ఎగిరే పత్తి మనసులో మెదిలింది. పొద్దు గుంకుతోంది, పత్తి కాలం అని చెప్పింది. మెల్లగా ఆ చప్పుడు హోరులో కరిగిపోయింది. పక్కనే నిలబడ్డ మద్దయ్య ఊపిరి వదిలాడు.

"ఎవురే?"

"మనకేమీ కాడు," అంది ఆమె. "నాతోనే మాట్లాడినాడు."

తెల్లవారి ఆ సంగతి ఇమాం సాబ్‌కు చెప్పడానికి బస్సెక్కింది. ఆయన సాయంత్రమంతా స్పీకరు మీద వేళ్ళు పెట్టుకొని కూర్చున్నాడట. ఏమీ తగల్లేదు. ఆమె జపాను అనగానే తొడ చరిచాడు.

"నా నెత్తి మీంచే పోయింటాది! దగ్గరోళ్ళను దాటుకోని దూరంగా దిగుతాది బేటీ, ఆ అల గుణమే అంత."

నవ్వుతూనే ఉన్నాడు గానీ చేతులు మాత్రం ఊరికే పనిముట్లను అటూ ఇటూ సర్దుతున్నాయి. హులిగెమ్మ అది చూసింది. ఆయనకు ఎదురుగా వంగి, పెదవులు బాగా కదిలించి చెప్పింది.

"అంగడి మూసి నాతో రా సాబ్. నువ్వు పంపు. నీ బదులు నేను ఇంటా."

ఆయన పనిముట్లు వదిలేశాడు. లేచి అంగడి తలుపు వేశాడు. ఎమ్మిగనూరు వచ్చి ఎన్నేళ్ళయిందో అని బస్సులో దారి పొడుగునా కిటికీ అంచు పట్టుకొని చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం హులిగెమ్మ చెవులకు గొట్టాలు తగిలించుకొని, చేతిలో సుద్దముక్కతో నాపరాళ్ళ నేల మీద కూర్చుంది. ఇమాం సాబ్ మీట అందుకున్నాడు. అంత వయసు చెయ్యి అంత తేలికగా ఆడుతుందని ఆమె అనుకోలేదు. పిలిచి ఆగాడు. ఆయన కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. హోరు, హోరు, మళ్ళీ హోరు. ఉన్నట్టుండి ఆమె వంగి నేల మీద ఒక్కో అక్షరమే రాయసాగింది. సింహళంలో సముద్రం పక్క ఊరు. స్కూలు అయ్యవారు. చివర ఒక వాక్యం: మీట మీద మీ చెయ్యి ఆడే తీరు వింటుంటే హాయిగా ఉంది, ఇంకా మాట్లాడండి.

ఇమాం సాబ్ మోకాళ్ళ మీద వంగి ఆ అక్షరాలను పెదవులతో చదువుకున్నాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. భీమక్క గడపలోకి వచ్చి, "ఏందమ్మా, నేలంతా రాతలు?" అంది.

ఆయన తడిసిన గడ్డం తుడుచుకొని, మీట మీద వేలు పెట్టి, వీధంతా వినిపించేటట్టు అడిగాడు.

"ఏం సెప్దాం బేటీ అతనికి?"