మధ్యేమార్గం ఓడిన సాయంత్రం

లేబర్ పార్టీ పార్లమెంటు సభ్యురాలు మార్జరీ టాడ్ తమ దేశం యూరప్ కూటమిలోనే ఉండాలని కోరుకుంది. ఆమెను గెలిపించిన రేవుపట్నం మాత్రం బయటికి పోదామంది. కన్సర్వేటివ్ సభ్యుడు క్లెమెంట్ పర్విస్‌ది తలకిందుల వ్యవహారం. ఆయన పోదామంటే, ఆయన ఊరు ఉందామంది. పార్లమెంటు టీ గదిలో వారాల తరబడి వాదించుకుని, ఇద్దరూ కలిసి ఒక రాజీ తీర్మానం తెచ్చారు. కూటమిని వదిలేద్దాం, సుంకాల ఒప్పందంలో మాత్రం ఉందాం.

ఓటింగ్ గంట మోగింది. అక్కడ సభ్యులు ఏ నడవాలోకి నడిస్తే అదే వాళ్ల ఓటు. 'అవును' అనేవాళ్ల నడవా వైపు నడుస్తూ మార్జరీ ఆగిపోయింది. ఏళ్లుగా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు 'కాదు' అనేవాళ్ల నడవాలోకి భుజాలు రాసుకుంటూ వెళ్తున్నారు.

తన పార్టీ మిత్రుడు డెరిక్‌ చేయి పట్టుకుంది. "నువ్వు అటెళ్తున్నావేంటి?"

"ఇది బయటికి పోవడమే కదా మార్జరీ. నేనెలా ఒప్పుకుంటాను?"

వెనకాలే వస్తున్న కన్సర్వేటివ్ పెద్దావిడ అందుకుంది. "పోవడమా? ఇది ఉండిపోవడమేనండీ. అందుకే నేనూ వద్దంటున్నా."

ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లారు.

తీర్మానం కొద్దిలో ఓడిపోయింది. టీ గదిలో మార్జరీ కూర్చోగానే ఆమె పార్టీవాళ్లు లేచిపోయారు. క్లెమెంట్‌ని ఆయన పార్టీవాళ్లు దగ్గరికి రానివ్వలేదు. ఆయన కప్పు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

"మనం అడిగింది పోవడమా, ఉండటమా క్లెమెంట్ గారూ? నాకిప్పుడు నిజంగా అర్థం కావట్లేదు."

"పొద్దున్నదాకా నాకు తెలుసు. మా ఊళ్లో నన్ను ద్రోహి అంటున్నారు. మీ ఊళ్లోనో?"

"అదే మాట."

"అయితే రెండు ఊళ్లకీ ఒక్కదాంట్లో రాజీ కుదిరిందన్నమాట."

మార్జరీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్క కుర్చీ జరిపి ఆయనకు చోటిచ్చింది.