కనబడని ప్రశ్న

మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అమ్మ ముప్పయ్యేళ్లు మా ఊరు గాబ్రొవో నేతమిల్లులో నిలబడి నన్ను చదివించింది. ఆమె పనికి ఊళ్లో ఎవరూ వంక పెట్టలేదు. ఆమె కూతురిని కనుక, పని పట్టికలో నేను "చూశాను" అని రాస్తే మా చిన్న కంపెనీలో ఎవరూ మళ్లీ చూసేవారు కాదు.

కొండ అవతలి పట్నానికి శిశుపాఠశాల దరఖాస్తుల సైటు చేసిచ్చాం. పేజీని సర్వర్ తయారుచేసి పంపుతుంది. "తల్లిదండ్రులు లేని బిడ్డా?" అన్న ప్రశ్న మాత్రం అందులో దాగి ఉంటుంది. దరఖాస్తు పెట్టేది తల్లీ తండ్రీ కాదని నొక్కినప్పుడు, బ్రౌజర్‌లో నడిచే చిన్న స్క్రిప్టు దాన్ని బయటికి తెస్తుంది. అవునంటే ఆ బిడ్డకి ముందువరస. ప్రతి నొక్కుకీ సర్వర్ దాకా వెళ్లిరావడం దండగని మా యజమాని రూమెన్ అన్నాడు. పిసినారితనానికి పేరుపడ్డ మా గాబ్రొవోలో దండగ అన్నాక ఇంక ఎదురు చెప్పేవాళ్లుండరు.

ఆ స్క్రిప్టు నడవని పాత ఫోన్లలో పేజీ ఎలా ఉంటుందో పరీక్షించడం నా వంతు. ఆఖరి బస్సు తప్పిపోతుందని, పరీక్షించకుండానే "చూశాను" అని రాసేశాను.

మే నెలలో ఓ సోమవారం చోటు దొరికిన పిల్లల జాబితా వెలువడింది. అందులో పేర్లుండవు, దరఖాస్తు నంబర్లే. వచ్చిన జవాబులు తిరగేస్తుంటే, తల్లీ తండ్రీ కాదని నొక్కిన దరఖాస్తుల్లో పదకొండింటిలో ఆ ప్రశ్నకి అవునని లేదు, కాదనీ లేదు. ఆ పదకొండు మందికీ ప్రశ్నే కనబడలేదు. జవాబు రాకపోతే "కాదు" కింద లెక్కవేయమని సర్వర్‌కి నేర్పింది నేనే.

రూమెన్ తల గోక్కున్నాడు. "జాబితా గోడకెక్కేసింది దెయానా. ఇప్పుడు కదిపితే కొందరు పిల్లలు లోపలికొస్తారు, అంతమందీ బయటికి పోతారు. ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాంలే."

"ఎవరడుగుతారండీ? ప్రశ్న ఉందనే వాళ్లకి తెలీదు కదా."

"మరింకేం?" అన్నాడు.

అభ్యంతరాలకి గడువు శుక్రవారం మధ్యాహ్నం. మూడు రోజులు నేను నోరు మెదపలేదు.

గురువారం సెయింట్ కాన్‌స్టంటైన్ పండుగ. ఆ పేరు గానీ, కొస్తాదింక లాంటి దాని ఆడరూపం గానీ పెట్టుకున్నవాళ్ల ఇంటికి పిలుపు లేకుండానే వెళ్లాలి, గుర్తుంటే చాలు. మోకాళ్ల నొప్పితో అమ్మ కదలలేక, ఒకప్పుడు మిల్లులో తనతో పనిచేసి, ఇప్పుడు కొండ అవతలి పట్నంలో ఉంటున్న కొస్తాదింక ఇంటికి నన్ను పంపింది.

బల్ల చుట్టూ అప్పటికే నలుగురున్నారు. నా చేతిలో పువ్వులు చూసి పక్కింటి ముసలాయన నవ్వాడు. "గాబ్రొవో పిల్ల ఐదు పువ్వులు తెచ్చిందర్రోయ్! మూడుతో సరిపెట్టాల్సింది కదే, మీ ఊరి పరువు తీశావు!"

"నోర్ముయ్ తాతా, నువ్వు ఒట్టి చేతుల్తో వచ్చావుగా," అంది కొస్తాదింక. "కూర్చో తల్లీ. బానిత్స రొట్టె వేడిగా ఉంది, జున్ను ఎక్కువే పెట్టాను."

ఆమె మనవడు మ్లాదెన్ బల్ల కింద దూరి అందరి బూట్ల తాళ్లూ విప్పుతున్నాడు. వాడి అమ్మానాన్నలు పోయిన సంగతి అమ్మ చెప్పగా విన్నాను. బడికి పంపుతున్నారా అని మాటవరసకి అడిగాను.

"చోటు రాలేదే. వాడికి ముందువరస ఉంటుందన్నారు. నేనే ఎక్కడో తప్పు నొక్కి ఉంటాను. ముసల్దాన్ని, నాకు ఫోన్లు ఏం తెలుసు? రొట్టెల బట్టీలో నాకు పనిస్తాం, సెప్టెంబరు దాకా ఆగుతామన్నారు. తర్వాత వీణ్ణి ఎక్కడ పెట్టి పనికి పోను?"

ఆమె పాత ఫోన్ అడిగి తీసుకుని పేజీ తెరిచి, తల్లీ తండ్రీ కాదని నొక్కాను. ప్రశ్న ఉండాల్సిన చోట వేలెడు ఖాళీ.

"నువ్వేం తప్పు నొక్కలేదత్తా. ఇక్కడో ప్రశ్న రావాలి. రాలేదు. ఆ పేజీ చేసింది నేనే. ఇలాంటి ఫోన్లలో చూడకుండానే చూశానని రాశాను."

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది కొస్తాదింక.

"సోమవారం నుంచి."

"సోమవారం," అని మెల్లగా అంది. "నేను మూడు రాత్రులు ఆ ఫోన్ పట్టుకుని నన్ను నేనే తిట్టుకున్నాను."

కాగితం తెచ్చి నా ముందు పడేసింది. "రాయి. యంత్రం తప్పని రాయకు. నీ పేరు రాయి."

రాశాను. శుక్రవారం పదింటికి ఆమెతో కలిసి పురపాలక కార్యాలయంలో ఇచ్చాను. మిగతా పది నంబర్లూ, సోమవారమే నాకు తెలుసన్న సంగతీ కిందే రాశాను. ఆ మధ్యాహ్నమే రూమెన్ నా దగ్గరున్న ఆఫీసు తాళంచెవులు తీసుకున్నాడు. తిట్టలేదు. నా ముఖం మాత్రం చూడలేదు.

వారానికి జాబితా మళ్లీ కట్టారు. ఆ పదకొండు మందిలో నిజంగా తల్లిదండ్రులు లేని ఏడుగురికి చోటు దొరికింది, మ్లాదెన్ వాళ్లలో ఒకడు. ఏడుగురు బయటికి వచ్చారు.

ఆ ఏడుగురిలో ఒకరి తల్లి నా నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేసింది. అరవలేదు. "ఆ బిడ్డల చోటు వాళ్లకి రావాల్సిందే, దానికి నేనేం అనను. కానీ నేను బుధవారం పాత ఉద్యోగం మానేసి కొత్తదానికి సంతకం పెట్టానమ్మా, బాబుకి చోటొచ్చిందని. మీకు సోమవారమే తెలుసటగా?"

"తెలుసండీ," అన్నాను.

ఆమె ఇంకేదో వినాలని ఆగింది. ఆమె పెట్టేసేదాకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను.