ఎడమ కాలు

గద్వాలలో నేత నేర్పడమంటే పక్కన కూర్చోబెట్టుకోవడమే. "నోటితోని బట్ట నేస్తమా? చూసి నేర్చుకో" అనేవాడు వెంకట్రాములు. కూతురు రోజా ఎనిమిదో ఏట నుంచి చూస్తూనే ఉంది.

మామూలుగా చూసిందా! తెగిన పోగును తండ్రి నాలుక కొసతో తడిపి ముడేస్తే తనూ తడిపేది. అడ్డపోగు నడిపే నాడె విసిరే ముందు ఆయన గొంతు సవరించుకుంటే తనూ సవరించుకునేది. తల్లి శారదమ్మ నవ్వేది. "కోతి గూడ పనికొచ్చేదే ఎత్తుకపోతది. ఇదేమో నీ దగ్గు గూడ ఇడుస్తలేదు."

వెంకట్రాములు మురిసిపోయేవాడు. మురవక చస్తాడా, ఇరవై ఏళ్లకే ఆ పిల్ల నూలు చీరకు పట్టు కొంగు కలిపితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

2007 వానాకాలంలో రోజా నడుం పట్టేసి మగ్గం గుంటలోంచి లేవలేకపోయింది. కర్నూలు తీసుకెళ్లారు. ఎలా కూర్చుని నేస్తావో చూపించమన్నాడు డాక్టరు. రోజా కుడి పక్కకు ఒరిగి, ఎడమ కాలు చాపి, మగ్గం కింది చెక్కలను కుడి కాలితోనే తొక్కుతున్నట్టు చూపించింది.

"ఎడమ కాలికి ఏమైంది?"

"ఏం గాలే సార్."

"మరి దాంతో ఎందుకు తొక్కవు?"

రోజా తండ్రి వైపు చూసింది. "నాయిన తొక్కడు గద."

వెంకట్రాములు తల దించుకున్నాడు. ఆయన ఎడమ మోకాలు చిన్నప్పుడే విరిగింది, వంగదు. ఊరంతా కుంటి వెంకట్రాములు అన్నా, ఇంట్లో మాత్రం ఆ కాలి ఊసెత్తనిచ్చేవాడు కాదు. కూతురు ఒరగడం పన్నెండేళ్లు కళ్లారా చూశాడు. వద్దనాలంటే తను కుంటినని చెప్పుకోవాలి. ఆ సిగ్గుతో నోరు కట్టేసుకున్నాడు.

నిటారుగా కూర్చోగలిగితేనే నేయమన్నాడు డాక్టరు, లేదంటే మగ్గం మానేయమన్నాడు. బస్సులో శారదమ్మ ఏడ్చింది. "పిల్లకు కండ్లున్నయి, చూసింది. నీకు నోరున్నది గద, ఒక్క మాట చెప్పకపోతివి."

నెల తర్వాత రోజా మగ్గం గుంటలోకి దిగింది.

"నాకు మోకాలు వంగదు బిడ్డా, అందుకే ఒరుగుత. నువ్వు ఒరగకు. రెండు కాళ్లతోని తొక్కు" అన్నాడు వెంకట్రాములు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

రోజా నిటారుగా కూర్చుంది. ఎడమ కాలు తొక్కు అందుకోక నాడె సగం దారిలో ఆగింది. మళ్లీ విసిరింది. మళ్లీ ఆగింది. తెలియకుండానే నడుం కుడికి ఒరిగింది, నొప్పికి రోజా కెవ్వుమంది.

"నాతోని అయితలేదు నాయినా."

నాడె తండ్రి చేతిలో పెట్టి గుంటలోంచి పైకొచ్చింది. రెండు కాళ్ల మీదా చక్కగా నడిచి లోపలికి వెళ్లిపోయింది.