పద్నాలుగో గూడు

నాకు గవర్నర్‌పేటలో కళ్ళద్దాల షాపుంది. యాభై రెండేళ్ళు వచ్చాయి, పెళ్ళి కాలేదు. ఆరేళ్ళుగా తాబేళ్ళ సీజన్‌లో ప్రతి ఆదివారం చర్చి ఎగ్గొట్టి హంసలదీవి సముద్రానికి పోతున్నాను. "స్టీఫెన్, నీకు దేవుడు ఎక్కువా, తాబేళ్ళు ఎక్కువా?" అని మా పాస్టరుగారు అడిగితే నవ్వి ఊరుకుంటాను. అసలు సంగతి ఆయనకు తెలియదు. నేను పోయేది శివపార్వతిగారి కోసం.

ఆవిడ బ్యాంకు ఆఫీసరు. భర్త పోయి పదేళ్ళు. పటమటలో ఒక్కరే ఉండేవారు. ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోయే సముద్రపు తాబేళ్ళను కాపాడే మా వాలంటీర్లకు ఆవిడే పెద్ద. కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లు తీసుకొచ్చి, దడి కట్టిన హేచరీలో గొయ్యి తీసి మళ్ళీ పాతిపెడతాం. ఒక్కో గూటి దగ్గర కర్ర పాతి, కనిపెట్టినవాళ్ళ పేరు రాస్తాం. నలభై ఐదు, యాభై రోజులకు పిల్లలు పైకొస్తే ఆ పేరుగలవాళ్ళే వాటిని నీళ్ళ దగ్గర వదలాలి. తర్వాత మూడు రోజులాగి గూడు తవ్వి, అడుగున చిక్కుకున్నవి ఏమైనా ఉన్నాయేమో చూడాలి. ఈ రూళ్ళన్నీ ఆవిడవే. పొద్దున బస్సుకు రావడం, సాయంత్రం బస్సుకు పోవడం కూడా ఆవిడ రూలే. ఆరేళ్ళలో ఒక్క పూట ఎక్కువ ఉండలేదు.

మొదటి ఏడు నేనొక వెధవ పని చేశాను. ఎవరో పెద్దమనిషి ఫోటో దిగుతాడంటే పిల్లల్ని గంటసేపు టబ్బులో ఆపాను. పుట్టుకతో తెచ్చుకున్న సత్తువతోనే అవి అలలు దాటాలి. ఆ సత్తువంతా టబ్బు గోడల్ని గీకడానికే అయిపోయింది. ఇసక మీద వదిలితే సగం కదల్లేదు. కాకులు దిగాయి. శివపార్వతిగారు నన్నేమీ అనలేదు, నెలరోజులు మాట్లాడలేదంతే. ఆవిడ మాట్లాడకపోతే నాకు అన్నం సహించదని ఆ నెలలోనే తెలిసింది. తెలిసి ఏం లాభం, ఆరేళ్ళూ నోరు పెగల్లేదు.

ఈ ఫిబ్రవరిలో పద్నాలుగో గూడు ఆవిడకే దొరికింది. మరుసటి వారం కర్నూలుకు ట్రాన్స్‌ఫర్ అయింది. "పిల్లలొచ్చే రోజు చెప్పండి స్టీఫెన్ గారూ, ఎలాగైనా వస్తాను" అన్నారు. నా మనసులో మాట ఆ రోజే చెప్పేద్దామనుకున్నాను. పిల్లల్ని వదిలాక ఆవిడ మొహంలో ఓ పది నిమిషాలు ఒక వెలుగుంటుంది. ఆ పది నిమిషాల్లో అయితే నాలాంటివాడు కూడా చెప్పగలడు. అన్ని రోజులూ ఆవిడ కోసం ఎంత బెంగపెట్టుకున్నానో! ఆదివారాలు ఆ కర్ర మీది పేరు చదువుకోవడం, మిగతా రోజులు ఒకరి కళ్ళజోడు ఇంకొకరికిచ్చి తిట్లు తినడం, ఇదీ వరస.

చివరికి షాపు మూసేసి హేచరీ దగ్గరే మకాం పెట్టాను. గురువారం పొద్దున గూటి మీద ఇసక కుంగింది. పిల్లలు పైకొచ్చే ముందు అలాగే కుంగుతుంది. ఫోన్ చేశాను. "ఈ సాయంత్రమే బయల్దేరతాను" అన్నారు.

శుక్రవారం తెల్లారేసరికి నూట మూడు పిల్లలు టబ్బులో ఉన్నాయి. ఆవిడ లేరు. ఆరింటికి ఫోన్ మోగింది. "బస్సు దారిలో చెడిపోయిందండీ. ఇప్పుడే చల్లపల్లిలో ఆటో ఎక్కాను. గంటలో వస్తాను." ఆగమని అనలేదు, వదిలేయమనీ అనలేదు.

హేచరీకి కాపలా ఉండే అమలమ్మ నా మొహం చూసి, "ఏంటండీ, ఆపుతారా?" అంది.

"ఒక్క గంటే కదా అమలమ్మా. తడిగుడ్డ కప్పుదాం."

"ఆపటం మీ ఇష్టం. ఎండ మాత్రం మీ ఇష్టం కాదండీ."

టబ్బులో గీకుతున్న చప్పుడు. వాటి మీద కోపం వచ్చింది నాకు. ఇన్నాళ్ళు ఇసకలో పడుకున్నవి ఇంకో గంట ఆగలేవా? ఆగలేవు. ఆ సంగతి నాకు నేర్పింది ఆవిడే. టబ్బు ఎత్తుకుని నీళ్ళ వైపు నడిచాను. ఒక్కొక్కటే అలలోకి పోతుంటే ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఏడు దాటాక ఆటో వచ్చింది. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు. ఇసక మీద చిన్న చిన్న గీతలు తప్ప ఏమీ లేవు.

"ఎన్నింటికి వదిలారు?"

"ఆరుంపావుకండీ."

"నేను ఫోన్ చేశాక."

"అవునండీ."

ఆవిడ ఆ గీతల చివరిదాకా నడిచి, పాదాల మీదికి నీళ్ళొస్తున్నా అక్కడే నిలబడ్డారు. మొహంలో ఆ వెలుగు లేదు. నా పది నిమిషాలూ పిల్లలతోపాటే పోయాయి.

"నా కోసం ఆపేస్తారేమోనని అవనిగడ్డ దాకా భయపడ్డాను" అన్నారు, నా వైపు తిరక్కుండానే. "ఆపితే ఈ జన్మలో మీతో మాట్లాడేదాన్ని కాదు. అవనిగడ్డ దాటాక, ఆపలేదేమోనని భయమేసింది."

ఇప్పుడైనా చెప్పాలి. "సాయంత్రం బస్సు నాలుగున్నరకండీ" అన్నాను. నాకన్నా దద్దమ్మ కృష్ణా జిల్లాలో ఉండడు.

ఆవిడ హేచరీ వైపు చూశారు. "మరి గూడు తవ్వొద్దూ?"

"దానికి మూడు రోజులాగాలి కదండీ. మీరు పెట్టిన రూలే."

"తెలుసు. సోమవారం దాకా సెలవు పెట్టే బయల్దేరాను" అన్నారు. "వాళ్ళింట్లో ఉంటానని అమలమ్మకు నిన్ననే చెప్పాను."