వంతెన దగ్గర పట్టిన నీళ్లు

ఇరవై ఆరేళ్లుగా నా పని మంత్రుల చేత జవాబులు చెప్పించడం. శాసనసభ సభ్యులు ప్రశ్న పంపుతారు, పర్యావరణ శాఖలో కూర్చుని నేను జవాబు రాస్తాను, మంత్రి సంతకం పెడతారు. మంత్రులు ఏడుగురు మారారు గానీ నా వాక్యాలు మారలేదు. నది నీరు కలుషితమైందా? లేదు. అయితే తీసుకున్న చర్యలేమిటి? ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ ఒక్క మాటతో ఎన్ని ప్రశ్నల పీక నొక్కానో నాకే తెలియదు. అందుకు నాకు రెండు ప్రమోషన్లు కూడా ఇచ్చారు.

ఆ రోజు ఉదయం అలాంటి జవాబే ఒకటి సభ్యులందరి బల్లల మీదికీ చేరింది. నీళ్లు బాగున్నాయి, ఆందోళన అక్కర్లేదు అని. అదే రోజు మధ్యాహ్నం మా మంత్రిగారు సభలో లేచి, ఊరి మురుగుకాలువ నదిలో కలిసేచోట శుద్ధి కేంద్రం కట్టడానికి నాలుగు వందల కోట్లు అడగాలి. పొద్దున రోగం లేదన్నవాళ్లం మధ్యాహ్నం మందుకు డబ్బడగబోతున్నాం. ఈ సంగతి నాకు తట్టనే లేదు. జవాబులది ఒక ఫైలు, పద్దులది ఇంకో ఫైలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివే పాడలవాటు మా ఆఫీసులో ఎవరికీ లేదు.

తట్టింది ప్రయోగశాలలో పనిచేసే సీసాలాయనకు. నెలనెలా నదికి వెళ్లి పరీక్షకు సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేది ఆయనే కాబట్టి ఆ పేరు పడింది. భోజనాల వేళ సభాభవనంలో మా మంత్రిగారి గదికి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆ గదిలో ఒక బల్ల, ఒక ఇనుప బీరువా, నీళ్లు కారే ఏసీ కింద ఒక బకెట్టు తప్ప ఇంకేం ఉండవు. మధ్యాహ్నం ప్రసంగం కాగితాలతో నేను పక్కనే ఉన్నాను. మంత్రిగారు అప్పటికి అన్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిన్నారో లేదో.

మంత్రిగారు రాజకీయాల్లోకి రాకముందు బడిలో సైన్సు చెప్పేవారు. ప్రతిపక్షంవాళ్లు ఆవిడను 'టీచరమ్మ' అంటారు, అదేదో తిట్టు అనుకుని.

"అమ్మా, ఆ జవాబు తప్పమ్మా," అన్నాడు సీసాలాయన గుమ్మంలోంచే. "ఆ నీళ్లు వంతెన దగ్గర పట్టినవి."

"అయితే ఏమైంది?"

"వంతెన ఎగువనుంది, కాలువ దిగువనుంది. మురుగు కలవకముందు నీళ్లే నేను పట్టుకొస్తున్నది. పదకొండేళ్లుగా ఇంతే."

"కాలువ దాటాక పట్టొచ్చుగా?"

"అక్కడ మోకాలి లోతు బురదమ్మా. వంతెన దగ్గరైతే మెట్లున్నాయి, జీపు ఆగడానికి చోటుంది. నాకంటే ముందు చేసినాయన అక్కడే పట్టేవాడు. ఫారంలో కూడా 'వంతెన' అనే అచ్చేశారు. ఇంకో చోటు రాద్దామన్నా గడి లేదు."

మంత్రిగారు డబ్బా మూత పెట్టేసి నా వైపు తిరిగారు. "మీకు తెలుసా?"

"తెలీదు మేడమ్." నాలుకకు అలవాటైపోయిన జవాబు, దానంతటదే వచ్చేసింది.

సీసాలాయన నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "నాలుగేళ్ల కింద కాగితం రాసిచ్చాను కదండీ. మీరే దానిమీద 'చూశాను' అని రాసి సంతకం పెట్టారు."

గుర్తొచ్చింది. మా దగ్గర ఒక కాగితం మీద 'చూశాను' అని రాస్తే దాని ఆయుష్షు తీరినట్టే, ఇక కట్టలో పెట్టి తాడు బిగించేస్తాం. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నాకు సిగ్గేసింది. చాలా ఏళ్ల తర్వాత వేసింది కాబట్టి మొదట అదేమిటో పోల్చుకోలేకపోయాను.

ఇంతలో మా పార్టీ విప్ వచ్చాడు. భారీ మనిషి, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు ఉంటాడు. "మన జవాబు కాగితం పట్టుకుని మాజీ మంత్రి కాచుక్కూచున్నాడమ్మా. పెద్దాయన, అదే ముఖ్యమంత్రిగారి మాటగా చెబుతున్నా, ఈ ఏటికి ఆ శుద్ధి కేంద్రం ఊసు వదిలెయ్యండి. వచ్చే ఏడు చూద్దాం."

"జవాబు తప్పంటున్నాడు ఈయన."

"తప్పయితే ఏం? ఎవరికి తెలుసు? సభలో తప్పని మీ నోటితో మీరే చెబితే పదవి పోతుంది. కొరివితో తల గోక్కుంటారా?"

"మా అక్క ఆ కాలువ దిగువనే ఉంటోంది. రోజూ పొద్దున ఆరింటికి ఫోన్ చేసి తిడుతుంది, 'ఏమే మంత్రీ, బిందెలో నురగ తేలుతోంది' అని. వచ్చే ఏడుదాకా ఆవిణ్ణి ఏం తాగమంటారు?"

"అక్కయ్యగారి మాట మాత్రం సభలో ఎత్తకండి తల్లీ!"

"నేనెందుకు ఎత్తుతాను? వాళ్లే ఎత్తుతారు చూడండి."

సభలో అధికారులకు వెనకవైపు ఒక ఇరుకు బల్ల ఉంటుంది. అక్కడ మేం నోరు విప్పకూడదు, చప్పట్లు కొట్టకూడదు, గట్టిగా దగ్గకూడదు. మంత్రికి ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి పంపాలి, అంతే. నేను నా చీటీల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మాజీ మంత్రి లేచాడు. ఒకప్పుడు మా శాఖే ఆయనది, నా జవాబులే చదివేవాడు. వెన్న రాసినట్టు మాట్లాడతాడు.

"అధ్యక్షా, నీళ్లు భేషుగ్గా ఉన్నాయని పొద్దున టీచరమ్మగారే రాసిచ్చారు. మధ్యాహ్నానికి వాటిని కడగడానికి నాలుగు వందల కోట్లు కావాలిట! ఇది బూడిదలో పోసిన పన్నీరు కాదా? ఇంతకీ ఈ పన్నీరు ఎవరికోసం? కాలువ దిగువ కాలనీలో మంత్రిగారి సొంత అక్కగారు ఉంటారని విన్నాను. కాబట్టి ఈ పద్దు కొట్టేయాలని నా కోత తీర్మానం."

సభ గొల్లున నవ్వింది. విప్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మంత్రిగారు లేచారు. చేతిలో కాగితం లేదు. నేను రాసిచ్చిన ప్రసంగం బల్ల మీదే ఉంది.

"అధ్యక్షా, గౌరవ సభ్యులు చదివిన జవాబు నాది. అది తప్పు."

నవ్వులు ఆగిపోయాయి. మంత్రి అనేవాళ్ల నోట ఆ మాట ఆ సభలో నేనెన్నడూ వినలేదు. ఆవిడ పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పారు. వంతెన ఎక్కడుంది, కాలువ ఎక్కడుంది, సీసా ఎక్కడ ముంచుతున్నాం. "చెత్తంతా వీధిలో పోసి, మా వంటగది అద్దంలా ఉందని రాసిచ్చాం. పదకొండేళ్లు రాసిచ్చాం."

అంతే, గోల మొదలైంది. సభను తప్పుదోవ పట్టించారు, రాజీనామా చెయ్యాలి! రాసిన అధికారి ఎవరు? పేరు చెప్పండి! ఆ ఆఖరి కేక ప్రతిపక్షంలోంచి కంటే మావైపు నుంచే గట్టిగా వచ్చింది. నా పేరు చెప్పేస్తే మంత్రి పదవి మిగులుతుంది, పార్టీ పరువు మిగులుతుంది, పోయేది ఒక్క గుమాస్తాగాడు.

"చెప్పను," అన్నారావిడ. "చేయి ఎవరిదైనా సభలో జవాబు మంత్రిది."

మాజీ మంత్రి మళ్లీ లేచాడు. "పోనీ ఒక్కటి చెప్పండి. ఈ సంగతి శాఖకు ముందే తెలుసా, తెలీదా?"

ఆవిడ మా బల్లవైపు చూశారు. సీసాలాయన మాట విన్నారు గానీ, శాఖ తరఫున చెప్పాల్సింది నేనే. నాకు పింఛను ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. ఇంట్లో మా ఆవిడ మోకాలి ఆపరేషన్ ఆ పింఛను మీదే ఆధారపడి వాయిదా పడుతూ వస్తోంది. తెలియదని రాస్తే ఎవరూ తిరగదోడరు, ఆ పాత కట్ట తాడు విప్పేవాడు ఈ లోకంలో లేడు. చీటీ ముందుకు లాక్కున్నాను. నామీద నాకే ఒళ్లు మండిపోయింది. 'తెలుసు. నాలుగేళ్లుగా. సంతకం నాది' అని రాసి పంపాను.

ఆవిడ చీటీ చదివి మడిచి గుప్పిట్లో పెట్టుకున్నారు.

"తెలుసు అధ్యక్షా. శాఖకు నాలుగేళ్లుగా తెలుసు. నేనొచ్చి రెండేళ్లయింది, నేను అడగలేదు. మా అక్క రోజూ ఫోన్ చేసి చెబుతూనే ఉంది, నేను మా కాగితాన్నే నమ్మాను. అవును, మా అక్క అక్కడే ఉంటుంది. ఆవిడతోపాటు పదకొండు వేల మంది ఉంటారు. వాళ్ల చెల్లెళ్లెవరూ మంత్రులు కాకపోవడం వాళ్ల తప్పా?"

"ఖర్చు, ఖర్చు!" అని ఎవరో అరిచారు.

"ఖర్చు పదకొండేళ్లుగా అవుతూనే ఉందండీ. మందులషాపులో అవుతోంది, కొనుక్కునే నీళ్ల డబ్బాల్లో అవుతోంది. వాళ్ల జేబులోంచి పోతే మనకు అది ఖర్చులా కనబడదు, మన పద్దులోంచి పోతేనే కడుపులో మంట. నా పదవి సంగతి రేపు తీరిగ్గా తేల్చుకోండి. ఇవాళ్టి ఓటు నామీద కాదు, ఆ కాలువ మీద. కోసేవాళ్లు కొయ్యండి, ఎవరు కోశారో ఆ కాలనీకి నేనే వెళ్లి చదివి వినిపిస్తాను!"

కోత తీర్మానం మూడు ఓట్లతో ఓడిపోయింది. ప్రతిపక్షంలో దిగువ ఊళ్ల సభ్యులు నలుగురు ఓటు వేళకు టీ తాగడానికి వెళ్లారు. వాళ్లకూ అక్కలుండి ఉంటారు.

వరండాలోనే విప్ మమ్మల్ని పట్టుకున్నాడు. "పెద్దాయన రాజీనామా అడుగుతున్నారమ్మా. సాయంత్రంలోగా."

"ఇవ్వనని చెప్పండి. కావాలంటే తీసెయ్యమనండి. నిజం చెప్పినందుకు తీసేశామని ఆయన నోటితో ఆయన్నే చెప్పుకోమనండి."

ఆవిడతో లాభం లేదని నా మీద పడ్డాడు. చేతిలో టైపు చేసిన కాగితం పెట్టాడు. తప్పు జవాబు ఇచ్చినప్పుడు శాఖ సభకు సవరణ ప్రకటన ఇచ్చుకోవాలి. ఇది అదే. 'ముద్రణలో దొర్లిన పొరపాటు వల్ల' అని మొదలుపెట్టి ఎంత చక్కగా రాశారో! నా దగ్గర నేర్చుకున్నవాడెవడో రాసుంటాడు.

"సంతకం పడెయ్యండి. మీ ఉద్యోగానికీ ఢోకా ఉండదు," అన్నాడు.

"అచ్చు బాగానే పడిందండీ. పొరపాటు దాంట్లో లేదు," అన్నాను.

మంత్రిగారి గదిలో కూర్చుని ఇంకోటి రాశాను. ఆరు వరుసలు. నీళ్లు ఎక్కడ పట్టాం, ఎందుకు పట్టాం, ఎవరు చెప్పారు, చెప్పింది ఎవరు తొక్కిపెట్టారు. ఆ చివరిదాని దగ్గర నా పేరు, హోదా, తేదీ వేసి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చదివి పెన్ను తీశారు. "బాగుంది. మీ పేరు మాత్రం కొట్టెయ్యండి. సభలో జవాబు నాదని చెప్పానుగా."

"కొట్టెయ్యనండి," అన్నాను. ఒక మంత్రికి కాదని చెప్పడం ఈ ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి.

ఆవిడ నా పేరు కిందే తన సంతకం పెట్టారు.